ఇల్లు కట్టుటలో పనివారి పొత్తు

కొన్నేండ్ల క్రిందట మేమొక చిన్న మేడ కట్టించుకొంటిమి. గృహప్రవేశమైన రెండవ యేట, ఇంకను వానలు మొదలు కాకమునుపే, మేడమీది స్నానాలగదికి సరిగా క్రిందనున్న పడకగది కప్పుపై అరచేయంత తడిమచ్చ యొకటి కనబడినది. నెల తిరుగునప్పటికి అది చాపంత అయినది. రంగు పెచ్చులుగా ఊడినది. లోపలి పూత గోరు తగిలినంతనే రాలజొచ్చినది. ప్లంబరును పిలిపించితిమి. ఆయన కుళాయిలన్నియు బిగించి చూచి, "నేను పైపు వేసి, నీళ్ళు వదిలి మీకు చూపించాను గదండీ. అప్పుడు చుక్క కారలేదు. ఆ తర్వాత ఎవరేం చేశారో నాకేం తెలుసు?" అనెను. తాపీమేస్త్రీని పిలిపించితిమి. "స్లాబు నాది, పైపు నాది కాదు బాబుగారూ. కంత కొట్టింది వాళ్ళు. పూడ్చమంటే పూడ్చాను" అని ఆయన సమాధానము. టైల్సు పరచిన ఆయన, తాను వచ్చునప్పటికి అడుగున ఏమున్నదో తనకు కానరాలేదని చెప్పి వెడలిపోయెను.

ముగ్గురిలో ఎవరును అబద్ధమాడలేదు. టైల్సు పగులగొట్టించి చూడగా సంగతి బయటపడినది. మురుగునీటి గొట్టము స్లాబును దాటి క్రిందికి దిగుచోట, గొట్టమునకును కాంక్రీటునకును నడుమ వ్రేలు వెడల్పున సందు ఉన్నది. ఆనాటి సాయంకాలము మిగిలిపోయిన మాలుతో దానిని పూడ్చిరి. మాలు ఆరినపిమ్మట కుంచించుకొని వెండ్రుకవాసి చీలిక విడిచినది. ఆ చీలిక గుండ రోజుకు కొన్ని చుక్కలుగా నీరు దిగుచు రెండేండ్లలో కప్పును నానవేసినది. గొట్టము ప్లంబరు పని, స్లాబు మేస్త్రీ పని, నేల టైల్సువారి పని. ఆ వ్రేలెడు సందు మాత్రము ఎవరి పనియు కాదు. దానిని బాగుచేయించుటకైన వ్యయము, ఆ గదికి మొదట నేల వేయించుటకైన దానిని మించిపోయినది.

శ్రోతలలో ఇల్లు కట్టించినవారికి ఇట్టి అనుభవము క్రొత్త కాదు. తలుపు నేలకు రాచుకొనుట, కిటికీ చట్రము ప్రక్కనుండి వాననీరు లోనికి వచ్చుట, దూలము క్రింద ఇటుకగోడ పైవరుసను అంటి గీత గీచినట్లు చీలుట, స్విచ్చుబోర్డునుండి పైకి పూతలో పగులు సాగుట, ఇవన్నియు మనము చూచునవే. కొంచెము నిదానించి చూచినచో వీనిలో ఒక పోలిక కనబడును. ఇవన్నియు ఒక పని ముగిసి మరియొక పని మొదలగు చోటనే పుట్టినవి. తలుపు చక్కగనే ఉన్నది, నేలయును చక్కగనే ఉన్నది. అయినను వడ్రంగి తలుపు కోసినపుడు నేల మీదికి టైల్సు ఎంత మందమున వచ్చునో ఆయనకు చెప్పినవారు లేరు. ఇంటి నాణ్యమును గూర్చి మాటలాడునప్పుడు మంచి సిమెంటు, మంచి ఇటుక, మంచి మేస్త్రీ అని మనము లెక్క పెట్టుదుము. పనులకు నడుమనుండు ఈ సరిహద్దులు మన లెక్కలోనికి రావు.

పూర్వము మండువా యిల్లు కట్టునప్పుడు తాపీమేస్త్రీయు వడ్రంగియు ముఖ్యులు. సాధారణముగా వారిద్దరు ఒకే ప్రాంతమువారై ఉండెడివారు. ద్వారబంధము నిలువబెట్టు ముహూర్తమునకు ఇద్దరును నిలువవలసినదే. ఒకరు పట్టగా ఒకరు మట్టము చూడవలసినదే. ఒకరి పొరపాటు మరునాడే రెండవవారి చేతిలో బయటపడెడిది. నేటి యింటి సంగతి వేరు. పునాది తవ్వువారు, సెంట్రింగువారు, కడ్డీలు వంచి కట్టువారు, కాంక్రీటు పోయువారు, ఇటుకపనివారు, పూతపనివారు, కరెంటువారు, ప్లంబర్లు, నీరు దిగకుండ రసాయనపు పూత పూయువారు, టైల్సువారు, వడ్రంగులు, అల్యూమినియము కిటికీలవారు, గ్రిల్లులు అతుకువారు, రంగులవారు. ఒక యింటిలో ఇన్ని బృందములు. కొందరు పాలమూరునుండి వచ్చినవారు, కొందరు శ్రీకాకుళమువారు, కొందరు ఒడిశా, బీహారులనుండి వచ్చినవారు. ఒకరి భాష ఒకరికి రాదు. తరచుగా ఒకరిమొగము ఒకరు చూడనే చూడరు.

మనము బిల్డరని పిలుచు వ్యక్తి వద్ద సొంత పనివారు బహు తక్కువ. ఆయన ఒక్కొక్క పనిని ఒక్కొక్క గుత్తేదారునకు అప్పగించును. కనుక ఆయన అమ్మునది ఇల్లే అయినను, ఆయన నిజముగా చేయు పని ఒకటే: ఇన్ని చేతులను ఒకదానితో నొకటి కలుపుట. అది సరిగా జరిగినదో లేదో స్లాబు పోయునాడు తెలిసినంత స్పష్టముగా మరెన్నడును తెలియదు.

స్లాబు పోయుట మన యిండ్లలో ఒక పండుగవంటిది. తెల్లవారుజామున కొబ్బరికాయ కొట్టుదురు, మిల్లరు తిరుగనారంభించును, మధ్యాహ్నము పనివారికి మంచి భోజనము పెట్టుట ఆనవాయితీ. ఈ సందడిలో బాల్కనీ వైపు చూచువారు అరుదు. సాధారణమైన స్లాబు ఇరువైపుల ఆనియుండును గనుక బరువుకు నడుమ క్రిందికి వంగును, అడుగుభాగము లాగబడును, కావున ముఖ్యమైన కడ్డీలు అడుగున ఉండును. బాల్కనీ అట్లు కాదు. ఒకవైపు మాత్రమే ఇంటిలో నాటుకొని, మిగిలినదంతయు గాలిలో నిలుచును. దానిలో లాగబడునది పైభాగము. ముఖ్యమైన కడ్డీలును పైననే ఉండవలెను. కడ్డీలు కట్టువారికి ఇది తెలియును. వారు వంచిన చిన్న కడ్డీలను కుర్చీలవలె అమర్చి వానిపై ఆ వరుసను నిలిపి వెళ్ళుదురు. ఆపైన కరెంటువారు వత్తురు. వారికి కబురు ఆలస్యముగా అందినది, తెల్లవారినచో కాంక్రీటు, రాత్రి దీపము పట్టుకొని గొట్టములు పరచుచు ఆ కడ్డీలమీదనే నడచుదురు. తెల్లవారినపిమ్మట కాంక్రీటు తట్టలు మోయువారును అటనే నడచుదురు. కుర్చీలు ఒరిగిపోవును, కడ్డీలు దిగబడును, వానిపై కాంక్రీటు పడును. ఇక చూచుటకేమియు లేదు. 5 అంగుళముల మందముగల బాల్కనీలో పైకడ్డీ 2 అంగుళములు దిగినచో దాని మోయుశక్తి సుమారు సగమునకు పడిపోవును. కడ్డీలవారు తమ పని సరిగనే చేసిరి. కరెంటువారి గొట్టములును సరిగనే ఉన్నవి. పదేండ్ల తరువాత ఏ పెండ్లినాడో పదిమంది ఆ బాల్కనీలో నిలిచి ఊరేగింపు చూచునప్పుడు, ఈ రెండు 'సరి'లు కలిసి ఏమయ్యెనో తెలియవలసి వచ్చును.

నీటి సంగతియు అట్టిదే. ఇండ్లకు సాధారణముగా వాడు ఎం-20 తరగతి కాంక్రీటును కొలతలతో కలుపునప్పుడు, 50 కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్లకు మించి నీరు పోయరాదని భారత ప్రమాణము ఐ.ఎస్. 456 చెప్పుచున్నది. తడియిసుకలోని నీరును ఈ లెక్కలోనిదే. కాని కాంక్రీటు పోయు బృందమునకు కూలి స్లాబు మొత్తమునకు గుత్త. పలుచని కాంక్రీటు సులభముగా జారును. పొద్దు గూకకముందే పని ముగియును. అందుచేత ఎవరును చూడనపుడు మరియొక బక్కెట. ఎక్కువైన ఆ నీరు ఆరిపోయినచోట్ల సన్నని రంధ్రములు మిగిలి కాంక్రీటు బలము తగ్గును. ఆ బృందము మోసగాండ్రని మేమనము. మనము వారికి కొనుచున్నది వేగము. వారు మనకు అమ్ముచున్నదియు వేగమే.

స్లాబు పోసిన మరునాటినుండి దానిని తడిపియుంచు పని యెవరిది? మేస్త్రీ గుత్తలో అది సాధారణముగా ఉండదు. వాచ్‌మన్ తనది కాదనును. ఇంటివారు ఉద్యోగమునకు పోవుదురు. అదే ప్రమాణము ప్రకారము సాధారణ సిమెంటుకు కనీసము 7 దినములు, ఫ్లైయాష్ వంటివి కలిసిన సిమెంట్లకు కనీసము 10 దినములు తడుపవలెను; వేడిమియు పొడిగాలియు గల కాలమున ఇవి 10, 14 దినములకు తగ్గరాదు. మన చైత్ర వైశాఖములకు ఈ రెండవ లెక్కయే వర్తించును. ఇక సెంట్రింగు గుత్తేదారు తొందర వేరు. ఆయన రేకులు, బాదులు తరువాతి యింటికి పోవలెను. ఇచట నిలిచిన ప్రతి దినమును ఆయనకు నష్టమే. సాధారణ సిమెంటు వాడినపుడు 4.5 మీటర్ల వరకు వెడల్పుగల స్లాబునకు ఆదరువులు 7 దినములును, అంతకు మించినచో 14 దినములును ఉంచవలెనని నియమము. 6 మీటర్లు మించిన దూలమునకైనచో 21 దినములు. ఈ దినములకు ఆయనకు ముట్టవలసిన అద్దె ముందే ఒప్పందములో వ్రాయనిచో, అయిదవనాడే బాదులు కదలుటలో వింత యేమున్నది?

ఇంతవరకు చెప్పినదానిని విని, పర్యవేక్షణ కఠినముగా ఉండవలెనని పలువురు అందురు. పర్యవేక్షణ అవసరమే. కాని తనిఖీకి వచ్చు ఇంజనీరు ఒక్కరు, సరిహద్దులు నూరు. పైగా ఇంటిపనిలో తప్పు చాలవరకు మరుసటి పని క్రింద మరుగుపడును. వెదకునాటికి దానిని పగులగొట్టియే చూడవలెను. తప్పు మరుగుపడకముందు దానిని చూడగలవాడు ఒక్కడే: తరువాతి పని మొదలుపెట్టబోవు గుత్తేదారు. ఆయన నోరు తెరచునట్లు చేయుటయే ఈ పొత్తులోని కీలకము.

ఆయన నోరు తెరవకపోవుటకు మొదటి కారణము వెల. చదరపుటడుగునకు ఎవరు తక్కువ చెప్పినచో వారికి పని యిచ్చుట మనకు అలవాటు. మరల పని వచ్చునను నమ్మకము లేని గుత్తేదారు ముందటివాని తప్పును పట్టించుకొని తన దినమును పోగొట్టుకొనడు; దానిపై తన పని పరచి, డబ్బు తీసికొని వెళ్ళిపోవును. ఈ విషయము ఇండ్లకు మాత్రమే చెందినది కాదు. 1950లో జపానుకు వెళ్ళి అచటి యంత్రాగారములవారికి నాణ్యమును గూర్చి ఉపన్యసించిన అమెరికను గణాంక శాస్త్రజ్ఞుడు డెమింగు, తరువాత 1980 దశాబ్దమున తన బోధను పదునాలుగు సూత్రములుగా కూర్చినపుడు, వెల చీటీని మాత్రమే చూచి పని యప్పగించు ఆచారమును మానవలెననియు, సరఫరాదారునితో చిరకాలపు నమ్మకము పెంచుకొనవలెననియు అందులో నొక సూత్రముగా చేర్చెను. గృహనిర్మాణములో నిదే మాట బ్రిటనులో ప్రభుత్వపు నివేదికలకు ఎక్కినది. 1994లో సర్ మైకేల్ లేథమ్ వ్రాసిన నివేదిక, బిల్డర్లును గుత్తేదారులును ఒకరిపై నొకరు కోర్టుల కెక్కుటలో పరిశ్రమ శక్తి వ్యర్థమగుచున్నదని చెప్పి, ఒక జట్టుగా పనిచేయు ఒప్పందములను సూచించినది. 1998లో సర్ జాన్ ఈగన్ నాయకత్వమున వచ్చిన నివేదిక మరియొక అడుగు వేసి, లోపములను ఏటేట నూటికి 20 వంతున తగ్గించుకొనవలెనని లక్ష్యము పెట్టినది. ఆయన అంతకుముందు మోటారుకార్ల పరిశ్రమను నడపినవారు. ఇల్లు కారు కాదని అప్పుడు పలువురు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణలో కొంత నిజమున్నది. కారు కప్పు క్రింద తయారగును. ఇల్లు ఎండవానలలో, ప్రతిసారి క్రొత్తచోట తయారగును. అందువలననే, చేయువారైనను ప్రతిసారి మారకుండుట ఇంటిపనిలో మరింత అవసరమని మాకు తోచును.

అమెరికాలోను ఇండ్ల బిల్డర్లు పనులను వేరువేరు గుత్తేదారులకే ఇత్తురు. అచట నాణ్యమునకు పేరుపడిన బిల్డర్లు అనుసరించు పద్ధతి యొకటి మనము సులభముగా తీసికొనదగినది. ప్రతి పనికిని రెండు చిన్న పట్టికలు. పని మొదలుపెట్టుటకు స్థలము సిద్ధముగా ఉన్నదా అని ఒకటి. పని నిజముగా ముగిసినదా అని రెండవది. ఈ పట్టికలను బిల్డరు ఆఫీసులో కూర్చుండి వ్రాయడు. గుత్తేదారులే కూడబలుకుకొని వ్రాయుదురు. మా స్నానాలగదిని మరల తలచుకొందము. టైల్సు మేస్త్రీ వ్రాసిన 'సిద్ధము' పట్టిక మా కుండినచో అందులో ఏమేమి ఉండెడిది? గొట్టములు నీటి ఒత్తిడికి నిలిచినవా; స్లాబులోని కంతలు కుంచించుకొనని మాలుతో పూడ్చబడినవా; రసాయనపు పూత ఆరినదా; గదిలో 24 గంటలు నీరు నిలిపి క్రిందినుండి కప్పు చూచిరా; నీరు పోవు జాలీ ఎత్తు గోడపై గీత గీచియున్నదా. వీనిలో ఏ యొక్కటి లేకున్నను ఆయన తాపీ పట్టరాదు.

ఇచట ఒక చిక్కు ఉన్నది. తాపీ పట్టక వెనుకకు పోయిన దినము ఆయన కూలి యెవరిత్తురు? ఇది తీర్చక పట్టికలు అచ్చువేయించి గోడకు అంటించినందువలన ఫలము లేదు. ఒక వడ్రంగి యిద్దరు సహాయకులతో ఇరువది కిలోమీటర్ల దూరమునుండి సామగ్రి మోసికొని వచ్చుననుకొందము. తీరా చూచినచో గది పూత కాలేదు. ముగ్గురి దినకూలియు, ఆటో కిరాయియు ఆయన చేతినుండి పోవును. రెండు పర్యాయములు ఇట్లయినచో మూడవసారి ఆయన మరియొక యింటి పని ఒప్పుకొనును. మనము పిలిచిన దినమున రాడు. అప్పుడు బిల్డరు, వడ్రంగులకు మాట నిలుకడ లేదని నలుగురితో చెప్పును. మేమును ఆ మాటనే చెప్పియుంటిమి. స్థలము సిద్ధము చేయక పిలిచినందుకు నష్టము పిలిచినవారు భరించుట, పని ముగిసిన పట్టికపై సంతకమైన వారములోపల డబ్బు చెల్లించుట, ఈ రెండును లేనిచో పొత్తు అను మాటకు గుత్తేదారుని దృష్టిలో అర్థము లేదు. చెల్లింపు ఆలస్యమైనచో ఆయన తన కూలీలకు వడ్డీకి తెచ్చి యిచ్చును. ఆ వడ్డీని మరల మన పనిలోనే ఎచటనో తగ్గించి రాబట్టుకొనును.

మన దేశమున ఈ దారి నడచినవారు లేకపోలేదు. ఆంగ్లేయుడై పుట్టి 1945లో భారతదేశమునకు వచ్చి, చివరకు తిరువనంతపురమున స్థిరపడి, 2007లో అచటనే కన్నుమూసిన లారీ బేకర్ చవుకగా చక్కని ఇండ్లు కట్టుటకు పేరొందినవారు. ఆయన తాను తరిఫీదిచ్చిన మేస్త్రీలతోను వడ్రంగులతోను ఏండ్ల తరబడి కలిసి పనిచేసెను. కాగితముపై అంతయు గీచి యిచ్చుటకంటె స్థలమున వారి ప్రక్కన నిలిచి నిర్ణయించుట ఆయనకు ఇష్టము. ఇటుకగోడలకు పూత లేకుండ వదలివేయు ఆయన పద్ధతి, మేస్త్రీపై నమ్మకము లేనివారికి సాధ్యపడునది కాదు. పూత లేని గోడపై ప్రతి వరుసయు కనబడును గదా! హైదరాబాదులో 1998లో నెలకొల్పబడిన జాతీయ నిర్మాణ అకాడమీ తాపీపని, కరెంటుపని, ప్లంబింగు మొదలగువానిలో యువకులకు శిక్షణ నిచ్చుచున్నది. శిక్షణ పొందినవానికి చదరపుటడుగు వెల కొంచెము హెచ్చుగా ఇచ్చుటకు మనమే వెనుకాడుచున్నాము.

మా యింటి అనుభవము చూచి మా బావమరది తన యిల్లు మరియొక విధముగా కట్టించెను. పునాది తీయకముందే ఒక ఆదివారము మేస్త్రీ, సెంట్రింగు ఆయన, కరెంటు ఆయన, ప్లంబరు, వడ్రంగి, అయిదుగురిని స్థలమునకు రప్పించి, వేపచెట్టు క్రింద నక్షా పరచి, టీ తెప్పించి, "నేను చెప్పను, మీరే చెప్పండి" అని కూర్చుండెను. ఆ ప్లంబరు మా యింటికి చేసిన ఆయనయే. మొదటి అరగంట ఎవరును మాటలాడలేదు. తరువాత సెంట్రింగు ఆయన, మెట్లగది దూలము కిటికీ పైభాగమునకు అడ్డువచ్చునని చూపెను. అప్పుడు ప్లంబరు నోరు తెరచి, స్లాబు పోయకముందే గొట్టములు దిగుచోట్ల పెద్ద గొట్టపు ముక్కలను కడ్డీల నడుమ నిలిపినచో, తరువాత స్లాబునకు కంతలు కొట్టు పనియే ఉండదనెను. సందు పూడ్చుటయు అప్పుడు తీరికగా, శ్రద్ధగా చేయవచ్చును. మేము నిర్ఘాంతపోయి, మా యింటికి అట్లేల చేయలేదని అడిగితిమి. "మీరు నన్ను స్లాబు పోసిన నెలకు గదండీ పిలిచారు" అని ఆయన మెల్లగా చెప్పెను. ఆ మాటకు మావద్ద సమాధానము లేదు. మా కప్పును రెండేండ్లు నానవేసిన తప్పునకు విరుగుడు ఆయన తలలో మొదటినుండియు ఉన్నది; అడుగవలసిన వేళకు మేము అడుగలేదు.

ఆ సమావేశమునకు ఖర్చు ఆరు టీలు, అయిదుగురికి సగము దినపు కూలి. బావమరది కూలి యిచ్చుట చూచి ఇరుగుపొరుగువారు నవ్విరి. ఆ పిమ్మట స్లాబునకు ముందటి సాయంకాలము కరెంటు ఆయన, కడ్డీలవారు ఒకేమారు స్థలమున ఉండి, నడచుటకు కడ్డీలపై బల్లలు పరచించిరి. తడుపు పని పదునాలుగు దినములకు మేస్త్రీ మనిషి యొకనికి వేరుగా కూలి కట్టి అప్పగించిరి. అన్నియు సవ్యముగా జరిగినవని కాదు. కిటికీలవారు సమావేశమునకు రాలేదు. ఆ యింటిలో నేటికిని వానకు నీరు వచ్చు కిటికీ యొకటి ఉన్నది.

పొత్తు అనగా లెక్కలు చూడకుండుట అని యెవరును తలపరాదు. పాత గుత్తేదారు అని వెల విచారింపక యిచ్చుచు పోయినచో, నమ్మకము క్రమముగా అలసత్వమగును. బిల్డరును గుత్తేదారును ఏకమై కొన్నవాని కన్నులు కప్పుటయు జరుగును. కావుననే చట్టమును తెలిసియుండుట మంచిది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, అనగా మనము రేరా అని పిలుచునది, 14వ విభాగమున, ఇల్లు స్వాధీనపరచిన నాటినుండి 5 సంవత్సరములలోపల కట్టడములోను పనితనములోను లోపము బయటపడి తెలియజేసినచో, బిల్డరు 30 దినములలో ఉచితముగా దానిని సరిచేయవలెనని విధించినది. ఈ నిబంధన వచ్చినపిమ్మట తెలివిగల బిల్డర్లు తమ గుత్తేదారులను జాగ్రత్తగా ఎన్నుకొనుచున్నారు. నాలుగవ యేట కారు గొట్టమునకు తాము బదులు చెప్పవలసినపుడు, ఆ గొట్టము వేసినవాని చిరునామా తెలియకపోయినచో ఎట్లు? అయితే ఈ చట్టము సాధారణముగా 500 చదరపు మీటర్ల స్థలమునో, 8 ఫ్లాట్లనో మించిన అమ్మకపు కట్టడములకు వర్తించును. సొంత స్థలములో మేస్త్రీని పెట్టుకొని కట్టించుకొను మనవంటివారికి ఆ రక్షణ లేదు. మనకు మనము వ్రాసికొను ఒప్పందమే ఆధారము. అందులో వెలలతోపాటు నాలుగు మాటలు తప్పక ఉండవలెను: కంతలు ఎవరు కొట్టుదురు, ఎవరు పూడ్చుదురు, తడుపువారెవరు, ఆదరువులు ఎన్ని దినములుండును, ఆ అద్దె యెవరిది, సిద్ధము కాని స్థలమునకు పిలిచినచో కూలి యెవరిత్తురు.

మరియొక చిన్న పని ఇంటివారే చేయదగినది. గోడలకు పూత పూయకముందు, నేలకు టైల్సు పరచకముందు, ప్రతి గోడను ప్రతి గదిని సెల్‌ఫోనుతో ఫొటోలు తీసికొనవలెను. కరెంటు గొట్టములు, నీటి గొట్టములు ఏ మూలనుండి ఎంత దూరమున పోవుచున్నవో తెలియునట్లు గోడకు కొలటేపు ఆనించి తీయుట మేలు. వానిని అచ్చు తీయించి ఇంటి దస్తావేజులతో కలిపి ఉంచినచో, పదేండ్లకు గోడకు మేకు కొట్టవచ్చిన వడ్రంగికి ముందుగా ఆ కాగితము చూపవచ్చును. బావమరది యింట అట్టి కట్ట యున్నది. మా యింట లేదు. మేము ఇప్పటికిని మేకు కొట్టించునపుడు గోడకు చెవి యొగ్గి, తట్టి, శబ్దము విని చూచుచున్నాము.